మిగిలిన పైసా

గత నెల మా బంధువులలో ఒక పెద్దాయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అప్పులు, వసీయతు తీర్చిన పిదప లక్ష రూపాయల నగదు మిగిలింది. వారసులు ముగ్గురు కుమారులే. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు కాగితం తీసుకుని లెక్క కట్టింది. ఒక్కొక్కరికి 33,333.33 రూపాయలు. మూడు వాటాలూ కూడితే 99,999.99.

"దాదా, ఈ ఒక్క పైసా ఎవరి హక్కు?" అని అడిగింది.

పైసాకు నేడు విలువ లేదు, ప్రశ్నకు ఉంది. "నీవు రెండు స్థానాల వద్ద ఆగిపోయావు, అందుకే మిగిలింది. ఒకటిలో మూడో వంతు 0.333... అంతం లేకుండా సాగుతుంది. దానిని మూడుతో గుణిస్తే 0.999... వస్తుంది. అది సరిగ్గా ఒకటే" అన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. "అలాగైతే 0.333... కూడా మూడో వంతు కన్నా రవ్వంత తక్కువేమో!" న్యాయమైన అభ్యంతరమే. సాధారణంగా పెద్దలం ఇక్కడే గొంతు పెంచి పిల్లల నోరు మూయిస్తాము.

నేను మరో దారి పట్టాను. తక్కువైతే ఎంత తక్కువో చెప్పమన్నాను. పదో వంతా? కాదు, 0.9 దాటగానే లోటు అంతకన్నా తగ్గిపోతుంది. నూరో వంతా? 0.99 దాటితే అదీ చెల్లదు. కోటిలో ఒక వంతు అన్నా, ఏడు తొమ్మిదులు దాటేసరికి ఆ మాటా నిలవదు. ప్రతి దశాంశ భాగం కన్నా చిన్నదై, సున్నా మాత్రం కాని లోటు మన వాస్తవ సంఖ్యలలో లేదు. కనుక లోటు సున్నాయే.

"ఎన్ని తొమ్మిదులు రాసినా ఒకటి కాదుగా?" అంది. నిజమే, రాసి ఎక్కడ ఆగినా తక్కువే. అయితే ఆ చుక్కలు ఆగిన ఏ సంఖ్యనూ సూచించవు. ఆ వరుస అంతా ఏ ఒక్క విలువను ఎంత కావాలంటే అంత దగ్గరగా చేరుతుందో, ఆ విలువకే అది పేరు. సగాన్ని 1/2 అన్నా, 2/4 అన్నా సంఖ్య మారనట్లే ఇదీను.

ఆగడం వల్ల కలిగే లోటును మన పూర్వ గణితవేత్తలు బాగా ఎరుగుదురు. ఉలుగ్ బేగ్ కాలంలో సమర్‌ఖంద్‌లో పనిచేసిన జంషీద్ అల్ కాషీ, వృత్త పరిధికీ వ్యాసార్ధానికీ గల నిష్పత్తిని 1424లో 16 దశాంశ స్థానాల వరకు గణించాడు. విశ్వమంతటి వృత్తానికి పరిధి కట్టినా, పొరపాటు గుర్రపు వెంట్రుక మందాన్ని మించరాదని ముందే హద్దు గీసుకున్నాడు. ఆగక తప్పదని తెలిసినవాడు గనుకనే, ఎంత లోటుతో ఆగుతున్నాడో చెప్పి ఆగాడు. మూడేళ్ల తరువాత తన 'మిఫ్తాహుల్ హిసాబ్'లో దశాంశ భిన్నాలను విపులంగా వివరించాడు.

ఫరాయిజ్ లెక్కలలో వాటాలను సగం, మూడో వంతు, ఆరో వంతు అని భిన్నాలుగానే చెబుతారు. అక్కడ ఏదీ తెగదు, ఏదీ మిగలదు. మా మనవరాలు పాత లెక్క కొట్టివేసి, మూడు పేర్ల ఎదుట 1/3 అని రాసింది.

రూపాయలలోకి వచ్చేసరికి పైసా మళ్ళీ మిగిలింది. పెద్దవారిద్దరూ సమ్మతించి దానిని తమ్ముడికి వదిలారు.