ఆలస్యమునకు మంచిపేరు

ఆంగ్లభాషలో మందగమనమును హేళనచేయు పలుకుబళ్లకు కొదవలేదు. మన నత్తనడక వారికిని నత్తనడకయే. ఇష్టములేని పనికి పోవువాడు కాళ్లీడ్చుచున్నాడందురు. ఏదియు తేల్చుకొనలేక యూగులాడుట షిల్లీషాలీ. ‘చేయుదునా, చేయుదునా’ యని తన్ను తానే యడుగుకొనువాని ప్రశ్న యరిగి యీ మాటయైనది. అమెరికావారు మిక్కిలి నెమ్మదియైనదానిని జనవరిమాసపు బెల్లపుపాకముతో పోల్చుదురు. చలికి చిక్కబడిన పాకము కుండనుండి జారుట కెంతసేపు పట్టునో పాఠకులే యూహింపగలరు.

ఈ మాటలవలన నెవ్వరికిని కీడులేదు. సోమరి వినినచో సిగ్గుపడును. భయపడవలసిన పలుకుబళ్లు వేరు. అవి యాలస్యమును నిందింపవు. దానికి మర్యాదయైన దుస్తులు తొడిగి సభకు తెచ్చును.

వకీలును గనుక తీర్పునే సాక్ష్యముగ చూపెదను. పాఠశాలలలో నల్లజాతి బిడ్డలను వేరుచేయుట రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పుచెప్పెను. ఎప్పటిలోగా సరిదిద్దవలెనన్న ప్రశ్నకు 1955లో, ‘తగిన యాలోచనతోగూడిన వేగముతో’ నని మాత్రము బదులిచ్చెను. వేగమను పదమున్నది, తేదీ లేదు. దక్షిణరాష్ట్రములు ఆలోచనను పట్టుకొని వేగమును విడిచినవి. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో 1959లో ప్రభుత్వపాఠశాలలనే మూసివేసిరి. తెల్లవారి పిల్లలకు ప్రైవేటు బడి వెలసెను. ప్రభుత్వపాఠశాలలు తిరిగి తెరచినది 1964లో. నడుమ బడికి దూరమైన బిడ్డలకు ఏ న్యాయస్థానము బాల్యమును తిరిగి యియ్యగలదు? తుదకు 1969లో ఆ కోర్టే, ఇక వెంటనే చేయుడని యాజ్ఞాపింపవలసి వచ్చెను.

మనకును ఈ యనుభవము కలదు. 1917 ఆగస్టు 20న భారతమంత్రి మాంటేగు, బాధ్యతాయుత ప్రభుత్వమును క్రమక్రమముగ సిద్ధింపజేయుటయే తమ విధానమని ప్రకటించెను. ఆంగ్లేయ పరిపాలన తొలగుటకు మరి ముప్పదియేండ్లు పట్టెను.

నిదానమే ప్రధానమని పెద్దలనలేదా యని కొంద రడుగవచ్చును. నిజమే. కాని నిదానము వేరు, జాప్యము వేరు. నిదానించువాడు పని మొదలిడి జాగ్రత్తపడును. జాప్యము చేయువాడు జాగ్రత్తపేర పనియే మొదలిడడు.

‘పరిశీలనలో నున్నది’, ‘యథాకాలమున తెలియజేయబడును’ అను సమాధానములు నేటికిని మన కచేరీలలో వినబడుచునే యున్నవి. అట్టి జవాబు వచ్చినపుడు అర్జీదారు అడుగవలసిన దొక్కటే: ఏ తేదీకి? తేదీ చెప్పలేని వాగ్దానము నత్తకంటెను నెమ్మదిది. నత్త యెట్లైనను కదలుచునే యుండును.