షెడ్డు ఎత్తు: సిద్ధాంతి లెక్క, నా లెక్క

మా ఇంటి ఆవరణలో సెట్‌బ్యాకులు వదలగా మిగిలిన ఖాళీ ఒక్కటే, ఈశాన్యం మూల. అక్కడ 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో ఒక షెడ్డు కట్టుకుందామనుకున్నాను. పగలు చెక్కపని, రాత్రి బండి పెట్టుకోవడం. ఉద్యోగంలో ఉన్నంత కాలం కాగితాలు తప్ప మరొకటి ముట్టుకోనివాడిని, రిటైరయ్యాక రంపం, చిత్రిక పట్టుకోవడం నేర్చుకున్నాను. పొడవు, వెడల్పుల మీద ఎవరికీ పేచీ లేదు. ఎత్తు దగ్గరే నాలుగు నెలలు గడిచింది.

మేస్త్రీ మొదటి రోజే "పన్నెండు వేసేద్దాం సార్, గాలి బాగా ఆడుతుంది" అన్నాడు. పక్కింటాయన తన గ్యారేజీ తొమ్మిది అడుగులు కాబట్టి తొమ్మిది చాలన్నాడు. మా బావమరిది మాత్రం ఒక సిద్ధాంతి గారిని వెంటబెట్టుకొచ్చాడు. ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలనే మాట మీ అందరికీ తెలిసిందే. సిద్ధాంతి గారు అసలు ఈశాన్యంలో కట్టడమే తప్పన్నారు. కట్టక తప్పదంటే ఎనిమిది అడుగులు దాటకూడదన్నారు. ఆ తర్వాత ఎత్తుకు కూడా ఆయం చూడాలని కాగితం తీశారు.

ఈ ఆయం లెక్క గురించి కాస్త చెప్పాలి. కొలతను 9తో గుణించి 8తో భాగించాలి. శేషం ఒకటి వస్తే ధ్వజం, రెండు ధూమం, మూడు సింహం, నాలుగు శ్వానం, అయిదు వృషభం, ఆరు ఖరం, ఏడు గజం. ఏమీ మిగలకపోతే కాకం. బేసివి మంచివి, సరివి చెడ్డవి. ఎనిమిది అడుగులంటే 96 అంగుళాలు, శేషం లేదు, కాకి. అందుకని ఒక అంగుళం తగ్గించి 95 అంగుళాలు ఖాయం చేశారు. శేషం ఏడు, గజాయం.

నేను బి.కామ్. చదివినవాడిని, పెద్ద గణితం రాదు. కానీ ముప్పై ఏళ్ళకు పైగా కూడికలు సరిచూసిన కళ్ళకు ఒకటి కనిపించింది. ఏ పూర్ణ సంఖ్యనైనా 9తో గుణించి 8తో భాగిస్తే వచ్చే శేషం, గుణించకుండా నేరుగా 8తో భాగించినా వస్తుంది. తొమ్మిదిలో ఎనిమిది పోతే ఒకటే కదా! కావాలంటే కాగితం మీద చేసి చూడండి. అంటే ఆ గుణకారం లెక్కలో ఏ పనీ చేయడం లేదు. గచ్చు మీద సిమెంటు ఒక అంగుళం మందం పెరిగితే ఏనుగు గాడిద అవుతుంది. ఇంత మాట సిద్ధాంతి గారితో అంటే "మీరు హేతువాదులు, మీకు చెప్పలేం" అని లేచారు. ఇందులో హేతువాదం ఎక్కడుందండీ, ఇది మూడో తరగతి భాగహారం!

సరే, సిద్ధాంతి సంగతి పక్కన పెడదాం. నేను జాతీయ భవన నిర్మాణ స్మృతి తిరగేశాను. 1970లో మొదట వచ్చి, 1983లో, 2005లో, 2016లో సవరణ పొందిన పుస్తకమది. సొంత గ్యారేజీకి కనీస ఎత్తు 2.4 మీటర్లు, నివాస గదికి 2.75 మీటర్లు. 2.4 మీటర్లంటే ఎన్ని అంగుళాలో తెలుసా? తొంభై నాలుగున్నర. సిద్ధాంతి గారి గజాయానికి అర అంగుళం తక్కువ! మా బావమరిదికి ఈ మాట ఎందుకు చెప్పానా అని తర్వాత బాధపడ్డాను. "చూశావా బావా, ప్రభుత్వం కూడా అదే అంటోంది" అని వారం రోజులు ఊదరగొట్టాడు. అదే అనడం లేదు. కారు తలుపు తీసి మనిషి దిగడానికి ఇంతకన్నా తగ్గించవద్దని స్మృతి చెబుతోంది. ఇది అడుగు హద్దు. సిద్ధాంతి చెప్పింది పై హద్దు. రెండు అంకెలూ దగ్గరగా వచ్చినంత మాత్రాన రెండూ ఒకటే చెబుతున్నట్టా?

ఇక్కడ నా సొంత పాపం ఒకటి ఒప్పుకోవాలి. వాస్తు సిద్ధాంతుల్ని వెక్కిరించే అర్హత నాకు పూర్తిగా లేదు.

నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేశాను. 1986లో ఒక వర్క్‌షాపు షెడ్డు అంచనా నా బల్ల మీదికి వచ్చింది. షెడ్డు ఎత్తు 16 అడుగులు అడిగారు. నా దగ్గరున్న స్కేళ్ళ పుస్తకంలో 14 అని ఉంది. "అదనపు 2 అడుగులకు సమర్థన కనబడదు" అని అభ్యంతరం రాశాను. వాళ్ళు రెండుసార్లు జవాబిచ్చారు, రెండుసార్లూ తిప్పి పంపాను. చివరికి 14కే కట్టారు. ఎంత డబ్బు ఆదా చేశానో లెక్కగట్టి లోలోపల సంతోషించాను కూడా.

మూడేళ్ళ తర్వాత లోకల్ ఆడిట్‌కు అక్కడికే వెళ్ళాను. షెడ్డు ఖాళీగా ఉంది. బయట వేపచెట్టు కింద ఎండలో మూడు ఇనుప కాళ్ళు పాతి, చెయిన్ పుల్లీ వేలాడదీసి లారీ ఇంజను పైకి లాగుతున్నారు. లోపల ఎందుకు చేయరని అడిగాను. దూలానికి పుల్లీ కడితే ఇంజను రేడియేటరు దాటి పైకి రావడం లేదట. ఒక హవల్దారు నవ్వి "కాగజ్ మే తో ఫిట్ హై సాబ్" అన్నాడు. ఆ కాగితం నాదేనని అతనికి తెలియదు. నేను చెప్పలేదు. టీ తాగి వచ్చేశాను.

ఆ పద్నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు నేను అడగలేదు. లోపల ఏం చేస్తారనీ అడగలేదు. పుస్తకంలో ఉంది, అంతే. సిద్ధాంతి గారికి తాళపత్రం, నాకు స్కేళ్ళ పుస్తకం. స్కేలు రాసినవాడిని కారణం అడిగితే చెప్పగలడు, స్కేలును మార్చవచ్చు కూడా. అడగకపోవడం నా తప్పు.

అందుకని ఈసారి అంకెను ఎవరినీ అడగకుండా పనినే అడిగాను.

ప్లైవుడ్ షీటు 8 అడుగులు, 4 అడుగులు. పొడవాటి అంచు మీద నిలబడి ఉన్న షీటును పొట్టి అంచు మీదికి తిప్పి నిలబెట్టాలంటే దాని కర్ణం పట్టేంత ఎత్తు ఉండాలి. అరవై నాలుగు, పదహారు కలిపితే ఎనభై. దాని వర్గమూలం 8 అడుగుల 11 అంగుళాల పైచిలుకు. సిద్ధాంతి గారి ఎత్తులో షీటు తిప్పడం మాట అటుంచి నిలబడనే నిలబడదు. పైన ట్యూబులైటు, వేళ్ళకు సందు కలిపితే తొమ్మిదిన్నర. సీలింగు ఫ్యాను పెడితే ఇంకా కిందికి వస్తుంది. కర్ర పట్టుకుని తిప్పే చోట తలమీద రెక్కలు తిరగడం నాకు నచ్చదు కాబట్టి గోడ ఫ్యానుకు వెళ్ళాను. రోలింగు షట్టరుకు దారి ఏడున్నర అడుగులు, చుట్టకు ఒకటిన్నర, మొత్తం తొమ్మిది. కలప దాచుకోవడానికి ఒక చివర అటక కావాలి. దాని కింద తల తగలకుండా ఆరడుగుల తొమ్మిది అంగుళాలు, పలక మందం మూడు, పైన మోకాళ్ళ మీద కూర్చుని కర్ర తోయడానికి మూడున్నర అడుగులు. మొత్తం పదిన్నర.

మరి మేస్త్రీ చెప్పిన పన్నెండు ఎందుకు కాదు? డబ్బు లెక్క మొదట చూశాను, అలవాటు. చుట్టూ గోడ 64 అడుగులు, తొమ్మిది అంగుళాల మందం. ఒక్క అడుగు పెరిగితే 48 ఘనపుటడుగుల కట్టుబడి, సుమారు 650 ఇటుకలు, రెండు వైపులా ప్లాస్టరింగు. డబ్బు కన్నా పెద్ద సంగతి నిచ్చెన. మాడిపోయిన లైటు మార్చాల్సింది అరవై ఏడేళ్ళ నేనే. పదిన్నర అడుగుల కప్పు నుంచి వేలాడే లైటు మూడడుగుల మడత నిచ్చెనకు అందుతుంది. పన్నెండైతే ఇంకా పెద్ద నిచ్చెన. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మా స్నేహితుల్లోనే చూశాను.

చల్లదనం సంగతి. పాత బంగళాల్లో కప్పు ఎత్తు వల్లే చల్లగా ఉంటుందని చాలామంది నమ్మకం. అక్కడ రెండడుగుల మందం గోడలు, చుట్టూ వరండాలు, కప్పు కింద వెంటిలేటర్లు ఉన్నాయని మరచిపోతాం. కాలిన స్లాబు కింద రెండడుగులు అదనంగా ఉన్నా ఆ సెగ దాదాపు అలాగే తగులుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 16వ సెక్షనులో కార్మికుడికి ఇంత గాలి స్థలం ఉండాలని చెబుతూ, 4.2 మీటర్ల పైన ఉన్న స్థలాన్ని లెక్కలోకి తీసుకోకూడదని రాశారు. ఎత్తు చూపించి గాలి ఇచ్చామనడం కుదరదని ఆ రోజుల్లోనే గుర్తించారు. వేడి తగ్గాలంటే స్లాబు పైన తెల్ల పూత, కప్పును ఆనుకుని ఎదురెదురు వెంటిలేటర్లు. తెలంగాణ ప్రభుత్వం కూడా 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. (2015లో సచివాలయానికి వాస్తు బాగాలేదన్న ప్రభుత్వమే అది. కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభించి, ఆ డిసెంబరులోనే ఓడిపోయింది. ఇది వాస్తుకు వ్యతిరేకంగా ఋజువేమీ కాదని నేనే ఒప్పుకుంటాను.)

అంకె తేలింది, 126 అంగుళాలు. శేషం ఆరు. గాడిద.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. అమెరికాలో మా అమ్మాయికి అప్పుడు అయిదో నెల. ఈశాన్యంలో ఎత్తు పెరిగితే సంతానానికి మంచిది కాదని సిద్ధాంతి గారు వెళుతూ వెళుతూ మా ఆవిడ చెవిలో వేసి పోయారు. "ఏవండీ, మీ నమ్మకాలు మీవి. కానీ దానికేమన్నా అయితే నేను ఈ షెడ్డును చూస్తూ బతకలేను" అంది. దానికి భాగహారంతో జవాబు చెప్పలేం. నాకు కోపం వచ్చింది ఆమె మీద కాదు, ఒక కొలత అడిగితే కడుపులో బిడ్డను తాకట్టు పెట్టుకున్న మనిషి మీద.

నేను గోడలు ఎనిమిదడుగుల దగ్గర ఆపించాను. కాన్పు అయ్యేదాకా స్లాబు వేయనని చెప్పాను. మన మిత్రులు కొందరు ఇది లొంగిపోవడమే అన్నారు. నేనలా అనుకోను. నేను మార్చింది తేదీ, ఎత్తు కాదు. ఎందుకు ఆపుతున్నానో కూడా ఆమెకు దాచకుండా చెప్పాను: వాస్తు కోసం కాదు, నువ్వు రాత్రిళ్ళు నిద్రపోవాలని. నాలుగు నెలలు ఇటుకలు తడిస్తే పోయేదేమీ లేదు.

మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. దీన్ని నా వాదానికి వాడుకోను. ఇంకోలా జరిగి ఉంటే వాళ్ళు వాడుకునేవాళ్ళు, అప్పుడు నేను ఒప్పుకునేవాడిని కాదు కదా. స్లాబు పదిన్నర దగ్గర పడింది. మా ఇంటి పునాది నేలకు రెండున్నర అడుగులు ఎత్తు కాబట్టి షెడ్డు కప్పు ఇంటి కప్పుకు రెండడుగులు కిందే ఉంది. బావ వాస్తు ప్రకారమే తగ్గించి కట్టాడని బావమరిది బంధువులందరికీ చెబుతున్నాడు. ఖండించీ ఖండించీ అలసిపోయాను.

నా లెక్కలోనూ ఒక తప్పు దొర్లింది. షట్టరు చుట్ట గోడకు బయట వస్తుందనుకున్నాను, లోపలికి వచ్చింది. ఆ వైపు వెంటిలేటరు సగం మూసుకుపోయింది. మేస్త్రీని పిలిచాను, పండగ వెళ్ళాక వస్తానన్నాడు.