డెత్ వ్యాలీకి జూలైలోనే పోవాలా?

జూలై 4 లాంగ్ వీకెండ్ దగ్గరపడితే చాలు, మనవాళ్ళలో ఒకటే ప్లాను. వేగస్ దాకా ఎలాగూ పోతున్నాం, ఇంకో రెండు గంటలు నడిపితే డెత్ వ్యాలీ! ఫర్నెస్ క్రీక్ విజిటర్ సెంటర్ దగ్గరున్న థర్మామీటర్ పక్కన నిలబడి ఓ ఫోటో దిగాలి. వద్దురా బాబూ అంటే జవాబు రెడీ: "రామగుండం ఎండలు చూసినోళ్ళం, మాకిదో లెక్కా?"

లెక్కే. రామగుండంలో ఎంత ఎండైనా నాలుగడుగులేస్తే ఓ ఇల్లో, టీకొట్టో ఉంటుంది. గ్లాసుడు నీళ్ళడిగితే కాదనేవాడుండడు. ఇక్కడ జూలైలో 49 డిగ్రీలు దాటడం మామూలు. 1913లో 56.7 నమోదైంది, ప్రపంచ రికార్డు అదే. 1972లో నేల మీద 94 డిగ్రీలు కొలిచారు. పైగా గాలి ఎంత పొడంటే, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గుతున్న సంగతే తెలీదు.

"ఏసీ కారుంది కదా!" ఆ కారు ఆగిపోతే? పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. హెలికాప్టరొస్తుందంటారా, 2024 జూలైలో ఒక మోటార్‌సైకిలిస్టు ఎండదెబ్బకి చనిపోయాడు, ఆ వేడికి హెలికాప్టర్ రాలేకపోయింది. వేడిగాలి పలచబడితే రెక్కలకి పట్టు దొరకదు, ఇంటర్ ఫిజిక్సే.

నాకు అసలు ఒళ్ళుమండేది మన జీపీఎస్ భక్తి చూసి. మన కోడ్‌ని మనమే నమ్మం, నాలుగు రౌండ్లు టెస్ట్ చేయిస్తాం. ఎవరో చేసిన మ్యాపు డొంకదారిని రోడ్డని చూపిస్తే మాత్రం అద్దె కారుని అందులోకి దింపేస్తాం! 2009 ఆగస్టులో జీపీఎస్‌ని నమ్ముకుని వెళ్ళిన ఒక తల్లీకొడుకులు ఐదురోజులు ఇరుక్కుపోయారు. తల్లి బతికింది, పిల్లాడు దక్కలేదు. 1996 జూలైలో నలుగురు జర్మన్ టూరిస్టులు, అందులో ఇద్దరు పిల్లలు, మాయమైపోయారు. పెద్దవాళ్ళ ఎముకలు 2009లో దొరికాయి, అదీ వ్యాన్ వదిలేసిన చోటుకి మైళ్ళ దూరంలో.

కారు చెడిపోతే దాని దగ్గరే ఉండండని పార్కువాళ్ళు మొత్తుకునేది ఇందుకే. పైనుంచి కారు కనబడినట్టు మనిషి కనబడడు. మనిషికి రోజుకి కనీసం 4 లీటర్ల నీళ్ళు, వేసవిలో పొద్దున 10 దాటాక లోయలో నడక బంద్. తారురోడ్డు వదిలి దిగనే దిగొద్దు.

ఇదే లోయలో జనవరి పగళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉంటాయి. బాడ్‌వాటర్ ఉప్పు మీద, సముద్రమట్టానికి 86 మీటర్ల కింద, హాయిగా గంటసేపు తిరగొచ్చు. చలికాలం సెలవులు ఎలాగూ ఉన్నాయిగా, ఆ బుకింగేదో అప్పటికి మార్చుకోండి. కాదు, జూలైలోనే పోయి తీరతామంటే మీ ఇష్టం. వెనకసీట్లో పిల్లల్ని మాత్రం ఎక్కించుకోకండి.