పాలపళ్లకూ తప్పని అసమానత

పసిపిల్లల పళ్లు పుచ్చిపోవడం ప్రపంచంలో అతి ఎక్కువగా కనిపించే బాల్య వ్యాధుల్లో ఒకటి. 51 కోట్ల మందికి పైగా పిల్లలు పాలపళ్ల పుచ్చుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి నోటి ఆరోగ్య నివేదికలో లెక్కగట్టింది. భారత దంత వైద్య మండలి 2002-03లో దేశవ్యాప్తంగా జరిపిన సర్వేలో అయిదేళ్ల పిల్లల్లో దాదాపు 52 శాతానికి పుచ్చు పళ్లు ఉన్నట్టు బయటపడింది. సగం మంది పిల్లలకు జ్వరాలొస్తే ఊరంతా గగ్గోలు పుడుతుంది. పళ్ల విషయంలో మాత్రం 'పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే' అన్న మాటతో సరిపెట్టుకుంటున్నారు. ఇంట్లో పెద్దలే కాదు, పిల్లల ఆరోగ్యానికి ప్రణాళికలు వేసే ప్రభుత్వాలూ ఆ మాటనే నమ్ముకున్నట్టున్నాయి. ఈ నిర్లక్ష్యం ఖరీదును ఎక్కువగా చెల్లిస్తున్నది పేదింటి పిల్లలు.

పాలపళ్లు మొత్తం ఇరవై. ఆరో నెల దగ్గర మొదలై మూడేళ్లు నిండేలోపు అన్నీ వచ్చేస్తాయి. ముందుపళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి గానీ, దవడ పళ్లు పదీ పన్నెండేళ్ల వరకు నిలవాలి. అంటే మూడేళ్లకే పుచ్చిన దవడ పన్ను మరో ఏడెనిమిదేళ్లు ఆ పిల్లకు అన్నం నమిలి పెట్టాల్సి ఉంటుంది. పుచ్చు లోపలి నరం దాకా దిగితే చీము పడుతుంది, బుగ్గ వాస్తుంది, రాత్రి నిద్ర ఉండదు. నమలలేని పిల్లలు గట్టి పదార్థాలు వదిలేసి పాలకూ బిస్కెట్లకూ అలవాటు పడతారు. దాంతో ఎదుగుదల మందగిస్తుంది, పుచ్చు ఇంకా పెరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లో 2006లో జరిపిన జాతీయ సర్వేలో ఆరేళ్ల పిల్లల్లో 97 శాతానికి పుచ్చు పళ్లున్నాయి. వారిలో అత్యధికుల నోళ్లలో ఇన్‌ఫెక్షన్ కూడా కనిపించింది. అక్కడ పిల్లలు బడి మానడానికి పంటినొప్పి పెద్ద కారణమని తేలింది. పాలపళ్లు పుచ్చిన పిల్లలకు తర్వాత వచ్చే శాశ్వత దంతాలూ పుచ్చే అవకాశం ఎక్కువ. అవి పుచ్చితే మళ్లీ మొలిచేవి కావు.

పుచ్చుకు కారణం పురుగు కాదు. పంటి పురుగులు తీస్తామంటూ గింజల పొగ పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గానీ, జరిగేది వేరు. నోట్లోని బాక్టీరియా చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పంటి చుట్టూ ఆమ్లత పెరిగి, పీహెచ్ 5.5 కంటే కిందికి దిగగానే ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోవడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను తిరిగి నింపడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పాలపళ్ల ఎనామిల్ మందం శాశ్వత దంతాల ఎనామిల్‌లో ఇంచుమించు సగమే కాబట్టి పుచ్చు త్వరగా లోపలికి దిగుతుంది. నిద్రలో లాలాజలం ఊరడం తగ్గిపోతుంది. పంచదార కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల ముందుపళ్లు ముందుగా పాడయ్యేది అందుకే. ఇక్కడ తీపి ఎంత తిన్నారన్న దానితో పాటు, రోజులో ఎన్నిసార్లు తిన్నారన్నదీ ముఖ్యం. పండుగనాడు భోజనంతో పాటు తిన్న రెండు బూరెల కంటే గంటకొకటిగా చప్పరించిన నాలుగు చాక్లెట్లు పళ్లకు ఎక్కువ చేటు చేస్తాయి.

పట్టణ శివార్లలో ఇంట్లో ఇద్దరూ కూలికి వెళ్లే కుటుంబంలో మూడేళ్ల పిల్ల రోజు ఎలా గడుస్తుందో చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది. తెల్లారి పొయ్యి మీద వంటకు వ్యవధి ఉండదు. టీలో ముంచిన రస్కో బిస్కెట్టో పిల్ల నోటికి అందుతుంది. తల్లి పనికి బయల్దేరేటప్పుడు ఏడవకుండా ఒక చాక్లెట్టు. మధ్యాహ్నం దాకా చూసుకునే నాయనమ్మ దగ్గర అయిదు రూపాయల బిస్కెట్ పొట్లం. సాయంత్రం మళ్లీ టీ. పడుకునే ముందు తీపి పాలు. ఇందులో ఏదీ విపరీతం కాదు, ఎవరిదీ అజాగ్రత్త కాదు. అయినా ఆ పిల్ల పళ్లు రోజులో అయిదారు గంటలు ఆమ్లంలోనే నానుతుంటాయి. అదే వీధి చివరి అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు ఇడ్లీ, పండు, ఉడికించిన గుడ్డు పెట్టడానికి ఇంట్లో మనిషీ ఉంటారు, డబ్బూ ఉంటుంది. చక్కెర అన్నిటికంటే చవకైన శక్తి, చవకైన లాలన కూడా. దాన్ని పేదవాడి వాకిట్లోకి తెచ్చి పెట్టింది మార్కెట్టు. 'పళ్లు సరిగ్గా తోమించడం లేదా?' అని తల్లిని గద్దించే వైద్యం ఈ మొత్తంలో చాలా చిన్న ముక్కను మాత్రమే చూస్తోంది.

ప్రభుత్వం పెట్టే ఆహారం గురించీ చెప్పాలి. అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో చక్కెర ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ బడి భోజన పథకంలో బెల్లంతో చేసిన వేరుసెనగ చిక్కీ, రాగిజావ ఉన్నాయి. పోషకాహార లోపం, రక్తహీనత ఇంతగా ఉన్న చోట వీటిని ఆపమనడం తప్పు. తిన్న వెంటనే నోరు పుక్కిలించేలా చూడటం, చక్కెర మోతాదును క్రమంగా తగ్గించడం మాత్రం చేయదగ్గ పనులే.

రెండో అసమానత ఫ్లోరైడ్‌ది. పుచ్చును అడ్డుకోవడంలో ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్ట్ పాత్ర దశాబ్దాల పరిశోధనలతో రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. తెలుగునాట ఆ పేరు వింటే మాత్రం ముందు నల్లగొండ గుర్తుకొస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్య పత్రికలకెక్కించిన పరిశోధన 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో వంగిపోయిన నడుములను, గోధుమ చారలు పడ్డ పళ్లను చూసినవారికి ఫ్లోరైడ్ అంటే భయం ఉండటం సహజం. అయితే ఆ విషం లీటర్ల కొద్దీ తాగిన బోరు నీటిలో, ఏళ్ల తరబడి ఒంట్లో చేరింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి. 1000 పీపీఎమ్ పేస్టు బియ్యపుగింజంత తీసుకుంటే అందులో ఉండే ఫ్లోరైడ్ సుమారు 0.1 మిల్లీగ్రాము. పిల్ల దాన్ని మింగేసినా, అనుమతించిన లీటరు నీటిలో ఉండేదానిలో పదిహేనో వంతే. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆ పైన బఠాణీ గింజంత అన్న కొలత అందుకే పెట్టారు. కొన్ని దేశాల్లో లాగా కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మన దగ్గర కుదరని పని, చేయకూడని పని కూడా. పేస్టు ఒక్కటే దారి. కానీ పేదిళ్లలో వాడేది తరచుగా ఫ్లోరైడ్ లేని పళ్లపొడి, బొగ్గు, ఉప్పు. పిల్లల పేరుతో రంగురంగుల గొట్టాల్లో అమ్మే పేస్టులు కొన్నిటిలో ఫ్లోరైడ్ అసలే ఉండదు, కొన్నిటిలో చాలినంత ఉండదు. గొట్టం మీద ఎన్ని పీపీఎమ్ ఉందో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కొనేముందు అది చదవాలని తల్లిదండ్రులకు చెప్పేవారే లేరు.

పుచ్చు మొదలయ్యాక అంతరం ఇంకా పెరుగుతుంది. దంత వైద్యం ఎక్కువగా ప్రైవేటు చేతుల్లో, పట్టణాల్లో ఉంది. నరానికి చికిత్స చేసి తొడుగు వేయించాలంటే ఒక్కో పాలపన్నుకు వేల రూపాయలవుతాయి. ఊళ్లో నొప్పి వస్తే లవంగనూనె, ఆర్‌ఎమ్‌పీ ఇచ్చే నొప్పి మాత్ర, యాంటీబయాటిక్. వాపు తగ్గుతుంది, పుచ్చు అలాగే ఉంటుంది. మళ్లీ వాచేసరికి ఆ పన్ను పీకేయడం తప్ప దారి మిగలదు. నిజానికి అంతదాకా రానక్కర్లేదు. పిల్ల పై పెదవిని బొటనవేలితో మెల్లగా ఎత్తి, ముందుపళ్లు చిగురును తాకే చోట చూడాలి. అక్కడ సుద్దతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తే పుచ్చుకు అదే తొలి అడుగు. ఆ దశలో రంధ్రం పడలేదు, నొప్పీ లేదు. తీపిని తగ్గించి, రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోమితే అక్కడితో ఆగుతుంది, కొన్నిసార్లు వెనక్కి కూడా మళ్లుతుంది. గీత గోధుమ రంగుకు తిరిగి గుంట పడ్డాక కూడా, నొప్పి రాకముందే అయితే, సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క పూసి పుచ్చును ఆపవచ్చు. సూది అక్కర్లేదు, డ్రిల్లు అక్కర్లేదు. పుచ్చిన చోట నల్లమచ్చ మిగలడం దాని లోపం. ఇదీ 2021లోనే అత్యవసర మందుల జాబితాకెక్కింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు దీన్ని చేరవేయడానికి డబ్బు కంటే సంకల్పమే ఎక్కువ కావాలి.

ధనిక దేశాలు ఈ జబ్బును జయించాయనుకోవడం పొరపాటు. ఇంగ్లండ్‌లో 2022 సర్వేలో అయిదేళ్ల పిల్లల్లో దాదాపు 24 శాతానికి పుచ్చు అనుభవం ఉంది. బాగా వెనుకబడిన ప్రాంతాల్లో అది సంపన్న ప్రాంతాల కంటే రెండింతలు దాటింది. అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు అక్కడ ఆసుపత్రిలో చేరడానికి మొదటి కారణం పళ్ల పుచ్చే. పొరుగునే ఉన్న స్కాట్లండ్ వేరే దారి పట్టింది. నర్సరీ బడుల్లో రోజూ పెద్దల పర్యవేక్షణలో పళ్లు తోమించడం, వెనుకబడిన ప్రాంతాల పిల్లలకు ఏడాదికి రెండుసార్లు ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం, ఇంటికి బ్రష్షు, పేస్టు ఉచితంగా ఇవ్వడం వంటి పనులను 2006లో 'చైల్డ్‌స్మైల్' పేరుతో ఒక చోటికి తెచ్చింది. బడిలో చేరే ఏడాదికి కంటికి కనిపించే పుచ్చు లేని పిల్లలు 2003లో 45 శాతం. 2020 నాటికి 73 శాతం దాటారు. నర్సరీల్లో తోమించడం మొదలైన దశాబ్దంలోనే అయిదేళ్ల పిల్లల దంత చికిత్సల ఖర్చు సగానికి పైగా తగ్గింది. అయినా 2020లో సంపన్న ప్రాంతాల్లో 87 శాతం పిల్లలు పుచ్చు లేకుండా ఉంటే, అట్టడుగు ప్రాంతాల్లో 58 శాతమే ఉన్నారు. బ్రష్షు పేదరికాన్ని తుడిచేయదు. పేదింటి పిల్లల నొప్పిని మాత్రం బాగా తగ్గించింది. ఇంగ్లండ్ కూడా చివరికి 2025లో వెనుకబడిన ప్రాంతాల్లోని మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు బడిలోనే తోమించే పథకం ప్రకటించింది. శీతల పానీయాల్లోని చక్కెర మీద బ్రిటన్ 2018లో వేసిన పన్ను తర్వాత, ఆసుపత్రుల్లో పళ్లు పీకించుకునే పిల్లల సంఖ్య తగ్గిందనీ, నాలుగేళ్లలోపు వారిలో ఆ తగ్గుదల ఎక్కువనీ ఒక అధ్యయనం చెప్పింది.

తెలుగు రాష్ట్రాలకు కావలసిన యంత్రాంగం కళ్ల ముందే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55 వేలు, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. పుచ్చు వేళ్లూనే వయసు పిల్లలు, అందులోనూ పేదింటి పిల్లలు, పొద్దున్నే వచ్చి కూర్చునేది అక్కడే. ఒక్కొక్కరికీ పేరు రాసిన బ్రష్షు, అవి ఒకదానికొకటి తగలకుండా ఆరేలా మూత ఉన్న స్టాండు, కొలత ప్రకారం పేస్టు ఉంటే చాలు. కుళాయి లేని చోటా ఇది సాధ్యమే. తోమాక నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేయడమే మంచిది, ఫ్లోరైడ్ పళ్ల మీద కాసేపు నిలుస్తుంది.

ఈ పనిని అంగన్‌వాడీ కార్యకర్త నెత్తిన ఊరికే పడేస్తే మాత్రం నడవదు. రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేల మధ్య నలిగిపోతున్న వాళ్లే 2023-24 శీతాకాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజులు సమ్మె చేశారు. కొత్త పని అప్పగిస్తే దానికి సమయమూ సామగ్రీ వేతనమూ ఇవ్వాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. పిల్లల్లో వెతకాల్సిన జబ్బుల జాబితాలో పళ్ల పుచ్చు కూడా ఉంది. ఆ బృందం పెదవి ఎత్తి చూసి, పుచ్చు దొరికిన చోటే మందు పూయగలిగితే పరీక్షకు అర్థం ఉంటుంది. జిల్లా ఆసుపత్రికి చీటీ రాసి పంపితే ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్లేవారు తక్కువ. ఇంకో లోటు లెక్కలది. పిల్లల ఎత్తు, బరువు, రక్తహీనత కొలిచే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ల పళ్లను చూడదు. ఏ మండలంలో, ఏ కులాల పిల్లల్లో, ఎంత ఆదాయమున్న ఇళ్లలో పుచ్చు ఎక్కువో తెలియకుండా ఏ పథకానికీ గురి కుదరదు. ముందుగా రెండు రాష్ట్రాలూ చెరొక వెనుకబడిన జిల్లాను ఎంచుకుని, ఇప్పుడే పిల్లల పళ్లు పరీక్షించి లెక్క రాసుకుని, వచ్చే జూన్ నుంచి అంగన్‌వాడీల్లో పళ్లు తోమించడం మొదలుపెట్టాలి. రెండేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి, ఫలితం ఎలా ఉన్నా ప్రజల ముందు పెట్టాలి.