వజ్రాల చేలో విడిది



బడులు తెరిచే రోజుల్లో తొలి వాన పడితే మీరేం చేస్తారు? చూరుకింద చేతులు చాచి నీళ్ళు పడతారు, కాగితపు పడవలు వదులుతారు. కర్నూలు జిల్లా పడమటి భాగంలో, తుగ్గలి చుట్టుపక్కల ఊళ్ళలో మాత్రం, ఆ వాన వెలిసిన మర్నాడు ఒక వింత చూడవచ్చు. ఎర్రటి చేలల్లో ఆడవాళ్ళూ, మగవాళ్ళూ, ముసలివాళ్ళూ, మీ ఈడు పిల్లలూ తలలు వంచుకుని, నేలకేసి చూస్తూ, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తూ ఉంటారు. ఏమైనా పోగొట్టుకున్నారా అంటే, లేదు. వాళ్ళు వెతికేది వజ్రాలకోసం!

గుంతకల్లునుంచి డోన్‌కు పోయే రైలుదారిలో తుగ్గలి ఒక స్టేషను. ఆ ప్రాంతంలోనే జొన్నగిరి, పగిడిరాయి, ఎర్రగుడి అనే ఊళ్ళున్నాయి. ఈ చేలల్లో అప్పుడప్పుడు వజ్రం దొరికే మాట నిజం. అందుకే ఏటా ముంగారు వానలు పడగానే ఇరుగుపొరుగు జిల్లాలనుంచీ, కర్ణాటకనుంచీ కూడా జనం వస్తారు. కొందరు పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు. కొందరు బియ్యమూ, గిన్నెలూ, పట్టలూ మూటకట్టుకుని వచ్చి, చెట్లకిందా, గుళ్ళ దగ్గరా, రోడ్డుపక్కనా రోజుల తరబడి ఉండిపోతారు. మూడు రాళ్ళ పొయ్యిమీద వంట, పట్టకింద పడక!

చేలోకి వజ్రం ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. బొగ్గులో ఉండే కర్బనమే వజ్రంలోనూ ఉన్నది. భూమిలోపల 150 కిలోమీటర్లకు మించిన లోతుల్లో, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఆ కర్బనం వజ్రంగా మారుతుంది. ఏనాడో భూగర్భంనుంచి కరిగిన రాయి ఒకటి గొట్టంలోనుంచి ఎగజిమ్మినట్టు పైకి వచ్చి, దారిలో ఉన్న వజ్రాలను తనతో తెచ్చింది. అది చల్లారి గట్టిపడితే కింబర్లైటు అనే రాయి అయింది. తుగ్గలికి దక్షిణాన, అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు దగ్గర ఇలాంటి గొట్టాలున్నాయి. వాటి వయస్సు ఇంచుమించు 110 కోట్ల సంవత్సరాలు! ఎండకూ వానకూ కింబర్లైటు చివికి మట్టి అవుతుంది. వజ్రం మాత్రం చివకదు. వాగులూ వరదలూ ఆ మట్టిని ఎంతెంత దూరమో మోసుకుపోతాయి. గట్టి వాన పడినప్పుడు చేలో పైమట్టి కొట్టుకుపోయి, రాళ్ళు కడిగినట్టు శుభ్రమై, ఎండలో తళుక్కుమంటాయి.

అయితే తళుక్కుమన్నదల్లా వజ్రం కాదు సుమా! గాజుమీద గీత పెడితే వజ్రమేనని చాలామంది అనుకుంటారు. మామూలు పలుగురాయి కూడా గాజుమీద గీత పెడుతుంది.

ఇక అసలు చిక్కు చెబుతాను. వజ్రాన్ని బయటపెట్టే వానే, రైతు ఏడాది పొడుగునా ఎదురుచూసే వాన కూడా. ఆ ఎర్రనేలల్లో వేరుసెనగ వేస్తారు. అక్కడివాళ్ళు వాటిని బుడ్డలంటారు. వాన పడ్డాక నేల పదునుమీద ఉండేది కొద్దిరోజులే. ఆ నాలుగు రోజుల్లో గుంటక తోలి, గొర్రు కట్టి విత్తనం వేసుకోవాలి. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే వజ్రాలకోసం జనం వచ్చి పడతారు. తడినేలను వందలమంది తొక్కితే మట్టి అణిగిపోతుంది. తరవాత ఎండ కాసి పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును చీల్చుకుని మొలక పైకి రాలేదు.

అప్పుడు ఏం జరుగుతుందో ఊహించండి.

"యావూరన్నా మీది? చేన్లోకి దిగద్దప్పా, నిన్ననే ఇత్తనమేసినాం!" అంటాడు రైతు.

"మాకు తెలీదన్నా. పక్క చేన్లో ఎవురూ ఏమీ అనలేదే!" అంటాడు వచ్చినవాడు.

"గట్టుమీద పలక నాటినాను గదప్పా?"

"రోడ్డుమీదినుంచి వస్తే గదన్నా పలక కనపడేది! మేం వంకలోంచి వచ్చినాం. మొన్న ఇదే చేన్లో యాభైమంది ఉండిరి. అప్పుడు లేని అడ్డం ఇప్పుడెందుకు?"

ఇందులో ఎవరిది తప్పు? ఇద్దరూ అబద్ధమాడటం లేదు. రైతు నియమం పెట్టిన మాట నిజం. వచ్చినవాడికి అది తెలియని మాటా నిజమే. పైగా మొన్న ఎవరూ పట్టించుకోని నియమాన్ని ఈ రోజు పట్టించుకుంటే, అది నియమంలాగా కాక, తనమీద కక్షలాగా కనిపిస్తుంది. అందుకే మాట పెరిగి తగాదా అవుతుంది.

విడిది సంగతీ ఇంతే. పట్ట ఎక్కడ కట్టుకోవాలి? తాగే నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలి? దొడ్డికి ఎటు పోవాలి? తిన్న ఆకులూ, కవర్లూ ఎక్కడ వెయ్యాలి? తవ్విన గుంట ఎవరు పూడ్చాలి? చెప్పే మనిషి లేకపోతే ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తారు. పూడ్చని గుంటలో రేపు రైతు ఎద్దు కాలు విరగవచ్చు. నీళ్ళు నిండిన గుంటలో చిన్నపిల్లవాడు పడిపోవచ్చు. చేను మధ్య ఒంటరిగా ఉన్న పెద్దచెట్టు కింద నీడ బాగుందని పట్ట కట్టుకున్నవారికి, ఉరుములు వచ్చినప్పుడు ఆ చెట్టే ప్రమాదం. చుట్టుపక్కల ఎత్తుగా ఉన్నదానిమీదే పిడుగు పడే అవకాశం ఎక్కువ గదా!

అన్నిటికంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నది. దొరికిన వజ్రం ఎవరిది? ఒకరు "దొరికినవాడిది" అంటారు. ఒకరు "చేనుగల రైతుది" అంటారు. ఇంకొకరు "సర్కారుది" అంటారు. 1957లో వచ్చిన గనుల చట్టం ప్రకారం, లైసెన్సు గాని లీజు గాని లేకుండా ఎవరూ ఖనిజాలకోసం గనులు తవ్వకూడదు. కాని, రోజుకూలి మానుకుని, అప్పుచేసి చార్జీలు పెట్టుకుని వచ్చిన మనిషికి ఆ మాట చేను గట్టున ఎవరు చెబుతారు? అందువల్ల రాయి దొరికినవాడు సంతోషించే ముందు భయపడతాడు. గుట్టుగా ఎవరో వ్యాపారికి అమ్ముతాడు. భయపడే మనిషి బేరం ఆడలేడు. ఆ రాయి అసలు వెల ఎంతో అతనికి ఎన్నటికీ తెలియదు.

ఇదే పని మరికొన్నిచోట్ల ఎలా జరుగుతున్నదో చూడండి. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో కూడా వజ్రాలు దొరుకుతాయి. అక్కడ సామాన్యుడు కూడా కొద్దిపాటి రుసుము కట్టి, 8 మీటర్ల పొడుగు, 8 మీటర్ల వెడల్పు ఉన్న చెక్కను లీజుకు తీసుకుని తవ్వుకోవచ్చు. రాయి దొరికితే పన్నాలోని వజ్రాల ఆఫీసులో ఇవ్వాలి. వాళ్ళు దాన్ని తూచి, వేలం వేసి, సర్కారు భాగం మినహాయించుకుని, మిగిలిన డబ్బు దొరికినవాడికి ఇస్తారు. కూలివాడి చేతికి వజ్రం వచ్చినా, అది ఎవరిది అన్న వాదం లేదు.

అమెరికాలో ఆర్కన్సా అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ మర్‌ఫ్రీస్‌బరో ఊరి దగ్గర సుమారు 37 ఎకరాల వజ్రాల పొలాన్ని 1972లో ఆ రాష్ట్రంవారు పార్కుగా చేశారు. టిక్కెట్టు కొని ఎవరైనా లోపలికి పోయి వెతుక్కోవచ్చు. దొరికింది ఎంత విలువైనదైనా దొరికినవారిదే. మోటారుతో నడిచే పనిముట్లు తేకూడదు. అది వజ్రమో కాదో అక్కడి ఉద్యోగులే ఉచితంగా చూసి చెబుతారు. రాత్రి ఉండదలచినవారికి విడిది స్థలాలు వేరుగా ఉన్నాయి. వాటికీ, వెతికే పొలానికీ సంబంధం లేదు. ఆ పొలాన్ని అప్పుడప్పుడు దున్నిస్తారు గాని పంట వెయ్యరు. కనక విత్తనమూ వజ్రమూ కొట్టుకునే పని లేదు.

"ఇవన్నీ ఎక్కడో దూరాన గదా! మన తుగ్గలిలో ఎలా కుదురుతుంది?" అంటారేమో. నియమాన్ని జనానికి ఎలా చెప్పాలో నేర్పిన పాఠం తుగ్గలి ప్రాంతంలోనే రాళ్ళమీద చెక్కి ఉన్నది!

పైన ఎర్రగుడి అని ఒక ఊరి పేరు చెప్పాను, జ్ఞాపకం ఉన్నదా? ఆ ఊరి దగ్గర గుట్టమీది బండలపై అశోక చక్రవర్తి శాసనాలున్నాయి. అవి క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దానివి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. అక్కడి ఒక చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకీ ఉన్నాయి. సాలు చివరిదాకా పోయిన ఎద్దులు మళ్ళి వచ్చినట్టు అన్నమాట! చదువుకున్నవాడు కూడా దాని ముందు నిలబడి తికమకపడవలసిందే. ఇక చదువురాని పల్లెవాళ్ళ సంగతి చెప్పాలా?

అయితే రాజు బండను నమ్ముకుని ఊరుకోలేదు. ఆ శాసనంలోనే ఒక ఏర్పాటు కూడా ఉన్నది. రజ్జుకుడు అనే అధికారికి ఈ ఆజ్ఞ అందాలి. అతడు భేరి మోగించి పల్లె జనానికి వినిపించాలి. తల్లిదండ్రుల మాట వినాలని, ప్రాణులపట్ల దయగా ఉండాలని, నిజం చెప్పాలని అందులో ఉన్నది. చెప్పవలసిన మాట ఏది, చెప్పవలసిన మనిషి ఎవరు, ఎలా చెప్పాలి అన్న మూడూ ఒక్కచోటే తేల్చారు చూశారా!

గట్టుమీద నాటిన పలకకు కొరవడినవి ఈ మూడే. "లోపలికి రాకూడదు" అని రాస్తే చాలదు. ఎందుకు రాకూడదో, ఎన్నాళ్ళు రాకూడదో, మరి ఎక్కడికి పోవచ్చునో కూడా రాయాలి. "విత్తనం వేశాము. పంట చేతికొచ్చేదాకా ఈ చేలో దిగవద్దు. ఉండటానికి ఊరి తూర్పున బీడు ఉన్నది. సందేహం ఉంటే పంచాయతీ ఆఫీసులో అడగండి" అని ఉన్నదనుకోండి. దానిమీద తగాదా పెట్టుకునేవారు తక్కువ. తెలుగు రానివారికోసం కన్నడంలో కూడా రాస్తే మరీ మంచిది. వెనకటి టముకుకు బదులు ఈనాడు ఆటోమీద మైకు ఉన్నది. తొలివాన పడిన రోజునే అది ఊరూరా తిరగాలి. తరవాత, మొదటి రోజునుంచి చివరి రోజుదాకా, తెలిసినవాడికీ తెలియనివాడికీ ఒకేలాగా ఆ నియమం జరగాలి.

నియమం సరిగా లేదు గనక మన ఇష్టం వచ్చినట్టు చెయ్యవచ్చునా? అలా అనుకోకూడదు. మీరు మీ పెద్దలతో ఎక్కడికి వెళ్ళినా, వనభోజనానికైనా, తిరునాళ్ళకైనా, ఆ నేల ఎవరిదో కనుక్కుని ముందు వారిని అడగండి. విత్తిన చేలో అడుగు పెట్టకండి. గుంట తవ్వితే పూడ్చండి. పొయ్యి ఆర్పి, చెత్త మూటకట్టుకుని రండి. ఈ నాలుగింటికీ పలక అక్కరలేదు.

ఈ నెల మీకొక పని. మీ బడిలో గాని, మీ వీధిలో గాని రాసి ఉన్న నియమం ఒకటి వెతకండి. అది స్పష్టంగా ఉన్నదా? ఎందుకు పెట్టారో తెలుస్తున్నదా? సందేహం వస్తే ఎవరిని అడగాలో ఉన్నదా? లేకపోతే దాన్ని మీ మాటల్లో తిరిగి రాసి మీ మాష్టారికి చూపించండి. మీ చెల్లెలికి కూడా చదివి వినిపించండి. మళ్ళీ అడగకుండా ఆమెకు అర్థమైతే, మీరు మంచి నియమం రాసినట్టే.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.