కడుపు కడుగుడు కాదు, కడుపు నిండుడు కావాలె

ఈ మధ్య మన చదువుకున్నోళ్ల ఇండ్లల్లకు ఒక కొత్త మాట వచ్చి కూసున్నది. కొందరు డీటాక్స్ అంటున్నరు, కొందరు క్లెన్స్ అంటున్నరు, తెలుగులో చెప్పమంటే ‘శరీర శుద్ధి’ అంటున్నరు. మూడు వారాలు మాంసం బంద్, చేప బంద్, గుడ్డు బంద్. పొద్దున ఆకుల రసం, పగటికి కొర్రల అన్నం, రాత్రికి పండ్ల ముక్కలు. ఇట్ల చేస్తే ఒంట్లో పేరుకున్న విషాలన్నీ కొట్టుకపోతయట. స్టాఫ్ రూముల్లో ఇదే ముచ్చట. బ్యాంకు కాలనీల్లో ఇదే ముచ్చట. మన సంఘాల్లో జెండా మోసిన సోదరుల ఇండ్లల్ల కూడా ఫోన్లో వీడియో చూసి పొయ్యి మీది కూరగిన్నె దించుతున్నరు. అందుకే ఈ పక్షం దీని మీద రాయాల్సి వస్తున్నది.

శుద్ధి అనే మాట మనకు కొత్తదా? మనం బాయి ముట్టుకుంటే బాయికి శుద్ధి చేసిండ్రు. గుడి మెట్టెక్కితే మెట్టుకు శుద్ధి చేసిండ్రు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వాన మన వాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగితే, ఆ తర్వాత అగ్రకులాల వాళ్లు ఆవుపేడ, ఆవు మూత్రం కుండలతో పోసి ఆ చెరువును ‘శుద్ధి’ చేసుకున్నరు. మనిషి ముట్టిన నీళ్లు మైల, పశువు మూత్రం పోస్తే పవిత్రం! అదే మాట ఇయ్యాల డాక్టరు కోటు తొడుక్కొని మన వంటింట్లకు వస్తే మనం చేతులు జోడించి లోపలికి పిలవాల్నా? చెరువైపోయింది, బాయైపోయింది, ఇప్పుడు మన పేగులు కడిగే పని పెట్టుకున్నరన్న మాట.

సైన్సు సంగతే చూద్దాం, మేం బడిలో పిల్లలకు చెప్పేదే. ఒంట్లో పనికిరానిదాన్ని బయటికి పంపే పని కాలేయమూ మూత్రపిండాలూ పుట్టిన నాటి నుంచి చచ్చేదాక సెలవు లేకుండ చేస్తయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతయి. ఏ ఆకు రసమూ ఆ పని చేయలేదు. మూడు రోజులు పస్తులుండి, విరేచనాలకు మందు వేసుకుంటే బరువు తగ్గుతది, నిజమే. తగ్గింది నీళ్లు, ఉప్పు. మళ్లీ అన్నం తిన్న వారానికి తిరిగి వస్తది. షుగరు గోలీలు, ఇన్సులిన్ వాడేటోళ్లు డాక్టరును అడగకుండ ఇట్ల పస్తులుంటే షుగరు పడిపోయి కళ్లు తిరిగి పడిపోతరు. పచ్చి పాలకూర రసం రోజూ గ్లాసుల కొద్దీ తాగితే అందులో ఉండే ఆక్సలేటు మూత్రపిండాలనే దెబ్బ తీయొచ్చు. అప్పటికే వాటి జబ్బు ఉన్నోళ్లకు అది ఇంకా ప్రమాదం. పాలకూర చెడ్డది కాదు. ఉడకబెట్టుకొని పప్పులో వేసుకొని తింటే అది కూర, బకెట్లకు బకెట్లు పిండుకొని తాగితే అది పిచ్చి.

అయితే ఇందులో పనికొచ్చేది ఏమీ లేదా? ఉన్నది. అబద్ధం ఎందుకు చెప్పాలె. ఆ మూడు వారాలు చక్కెర తగ్గిస్తున్నరు, మైదా మానేస్తున్నరు, బేకరీ బిస్కెట్లు, పిల్లల చేతిలో రంగురంగుల పొట్లాలు బంద్ చేస్తున్నరు. పొట్టుతో ఉన్న గింజ తింటున్నరు, ఆకుకూర తింటున్నరు. ఒళ్లు తేలికైందని చెప్పేటోళ్లు చెప్పేది దీని వల్లనే. ఇది మంచిదే. దీనికి మూడు వారాల గడువెందుకు, శుద్ధి అనే పేరెందుకు? పేరు తీసేసి తిండి ఉంచుకుందాం.

ఆ తిండి ఎవరిదో కూడా చెప్పుకోవాలె. జొన్న, సజ్జ, తైదలు, కొర్ర, సామ. ఇవి ఎవరి పొలాల్లో పండినయి? నీళ్లొచ్చే భూమి దొరది, రాళ్ల గుట్ట కింది చెలక మనది. చెలకలో వరి రాదు కాబట్టి జొన్న వేసుకున్నం. గటుక, అంబలి తాగినం. ‘గటుక తాగేటోళ్లు’ అని తిట్టించుకున్నం. పండుగ నాడు గిన్నెడు వరన్నం దొరికితే పిల్లలు ఎగిరి గంతేసేది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చినప్పుడు మన వాడల్లో తెల్లన్నం రోజూ ఉడికింది. ఆ అన్నం కేవలం పిండిపదార్థం కాదు, అది మర్యాద. ఇప్పుడు ఎవరో వచ్చి ‘అయ్యో, మీరు మీ బంగారం లాంటి జొన్నలు వదిలేసి బియ్యానికి ఎందుకు ఎగబడ్డరు’ అని జాలి పడితే మాకు ఒళ్లు మండుతది. మేం వదిలేయలేదు. మా చెలకల్లోకి పత్తి వచ్చింది, అప్పు వచ్చింది, జొన్నకు ధర లేక పోయింది.

ఇప్పుడేమో ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది. అదే ఏడాది కేంద్ర బడ్జెట్టులో వాటికి ‘శ్రీ అన్న’ అని పేరు పెట్టిండ్రు. మన కుండలో ఉన్నన్నాళ్లు గటుక, సూపర్ మార్కెట్టులోకి పోయినాక శ్రీ అన్న! పేరు మారింది, ధర మారింది, పండించే చేతులు మాత్రం మారలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలను చూడండి. వాటిలో ఎక్కువ మంది దళిత ఆడవాళ్లు. బీడు పడ్డ భూముల్లో జొన్నలు పండించి ఊళ్లోనే పంచుకున్నరు, విత్తనాలు దాచుకున్నరు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చిరుధాన్యాల గురించి ఎవరి దగ్గర నేర్చుకోవాలె అంటే ఆ తల్లుల దగ్గర. వీడియోలోని పెద్దమనిషి దగ్గర కాదు.

కానీ జొన్నను దేవత చేసుడు కూడా వద్దు. ఇది ముఖ్యమైన సంగతి. పొద్దుమాపు జొన్న గటుకే తిని, వేరే ఏమీ దొరకని పేదల్లో పెల్లాగ్రా అనే రోగం ఉండేది. ఎండ తగిలే మెడ, చేతుల మీద తోలు నల్లబడి పొట్టు లేచేది, విరేచనాలు అయ్యేవి, ముదిరితే మతి తప్పేది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో దీని మీద రాసిండ్రు. కారణాల మీద తర్వాత వాదాలు నడిచినయి గని, తేలిన సంగతి ఒకటున్నది: ఒక్క గింజనే నమ్ముకుంటే ఒళ్లు నిలవదు. దానికి తోడు పప్పు కావాలె, పల్లీలు కావాలె, కూర కావాలె. మన అవ్వలకు విటమిన్ల పేర్లు తెలవవు. గటుకలోకి ఎండుచేప ముక్క వేసుకున్నరు, పల్లీల తొక్కు నూరుకున్నరు. ఆ రెండూ దొరకని ఇండ్లల్లనే రోగం.

మరి మాంసం సంగతి? ఈ శుద్ధిలో మొదటి నియమమే మాంసం మానుడు. ఎందుకట? మాంసం తామసం, మాంసం కుళ్లు. ఇది వైద్యం కాదు, మనువు. పశుమాంసం తిన్నందుకే అంటరానితనం అంటగట్టిన చరిత్రను బాబాసాహెబ్ 1948లో అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంలో విప్పి చెప్పిండు. ఎవరైనా తన ఇష్టంతో కూరగాయలే తింటే మాకు పేచీ లేదు. పేచీ ఎక్కడ? మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇంటరు చదివే ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉన్నది. నాయిన గుమస్తా ఉద్యోగం, పొట్ట తగ్గాలని క్లెన్స్ మొదలు పెట్టిండు. ఇంట్లో ఒకటే పొయ్యి కాబట్టి అందరికీ మాంసం బంద్. ఆయన పొట్ట తగ్గిందో లేదో గని, ఆ పిల్ల మెట్లెక్కితే ఆయాసపడుతున్నది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత. ఐదేండ్ల లోపు పిల్లల్లో 70 శాతం. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 58.8 శాతం. ఈ ఆడవాళ్ల ఒంట్లో కడిగి పారేయడానికి ఏం పేరుకున్నది సోదరులారా? మాంసంలో ఉండే ఇనుమును ఒళ్లు తేలిగ్గ పట్టుకుంటది. ఆకుల్లో, గింజల్లో ఉండేది అంత తేలిగ్గ పట్టదు. బి12 అనే విటమిన్ అయితే ఆకుల్లో లేదు, గింజల్లో లేదు. మాంసం, చేప, గుడ్డు, పాలు, వీటిలోనే ఉంటది. పాలు కొనలేని ఇంట్లో పెద్దకూర, కార్జం, నల్ల, బోటి, బొక్కల పులుసు, ఇవే మన వాళ్ల రక్తాన్ని కాపాడినయి. నల్ల అంటే ముక్కు మూసుకునేటోళ్లు ఐరన్ సిరప్పు సీసా మీది లేబులు మాత్రం శ్రద్ధగా చదువుతరు.

అందుకని మేం చెప్పే వంట ఇది, ఇంటిల్లిపాదికి ఒకే కుండ. పొద్దున తైదల అంబలి. పిండిని ముందు రాత్రి నీళ్లల్ల కలిపి పులియబెట్టాలె. పులిస్తే గింజలోని ఖనిజాలు ఒంటికి బాగ అందుతయి. 100 గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటది, పాలు దొరకని పిల్లలకు ఇది చాలా పెద్ద ఆసరా. పగటికి జొన్నలు కొద్దిగ తడిపి దంచి ఎసట్ల పోసిన గటుక, దానిలోకి కందిపప్పుతో వండిన చెలక ఆకులు. తుమ్మి, దొగ్గలి, గంగవాయిలి, పొన్నగంటి, ఏది దొరికితే అది. పైసా ఖర్చు లేదు, అయితే కలుపుమందు కొట్టిన పత్తి చేనులో ఏరొద్దు. ఆ మందుతోనే ఈ ఆకులు మాయమైతున్నయి. అది వేరే కథ, ఇంకోసారి రాస్తం.

రాత్రికి సజ్జ రొట్టె. 100 గ్రాముల సజ్జల్లో ఇనుము 6 మిల్లీగ్రాముల పైన ఉంటది, మర పట్టిన తెల్ల బియ్యంలో 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. రొట్టెలోకి పుంటికూర వేసి వండిన ఎండురొయ్యలు. బీపీ ఉన్నోళ్లుంటే ఎండుచేపలు, రొయ్యలు రెండు మూడు నీళ్లు పోసి కడగాలె, ఉప్పు పోతది. ఆ కూరలో మళ్లీ ఉప్పు వేయొద్దు. వారానికి రెండు నాళ్లు కూర తేవాలె. కిలో తేలేకపోతే పావు కిలో తెచ్చి పప్పులోనో సొరకాయలోనో వేసి వండితే అందరికీ అందుతది. కూరతో పాటు నిమ్మకాయ, పచ్చి టమాట, ఉసిరికాయ ఏదో ఒకటి తింటే ఆకుల్లోని ఇనుమును కూడా ఒళ్లు ఎక్కువ పట్టుకుంటది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగొద్దు, చాయ్ ఆ ఇనుమును అడ్డుకుంటది. గంట ఆగి తాగండి. వరన్నం మానమని మేం ఎక్కడా అనుట లేదు.

కొర్రలు, సామలు కొనేటప్పుడు ఒక మాట. పొట్లంలో తెల్లగ మెరిసేవి వద్దు, వాటి తవుడు మిషన్లోనే పోయి ఉంటది. పొట్టు తీసినా తవుడు ఉన్న గింజ కొంచెం రంగుగ, మసకగ కనిపిస్తది. జొన్న, సజ్జ, తైదలకు పైపొట్టు బాధ లేదు, కొర్ర, సామలకు ఉన్నది. పూర్వం ఆ పొట్టు తీసింది ఆడవాళ్ల రోకళ్లే. చిరుధాన్యాల గొప్పతనం మీద ఉపన్యాసాలు చెప్పే మగవాళ్లు ఒక్క పూట రోకలి పట్టుకొని చూస్తే బాగుండు. అయ్యకు విడిగ కొర్రన్నం, పిల్లలకు విడిగ అన్నం, ముసలవ్వకు విడిగ జావ అంటూ మూడు పొయ్యిలు వెలిగిస్తే ఆ ఇల్లాలు ఎప్పుడు తింటది? మిగిలింది గోకి తింటది. ఆమె ముందు తినాలె, లేకుంటే అందరూ కలిసి కూసుండాలె. కూరలో ముక్కలు మగపిల్లల పళ్లెంలోకి, పులుసు ఆడపిల్లల పళ్లెంలోకి వేసుడు మన వాడల్లో కూడా ఉన్నది, మొఖం దాచుకోవద్దు.

ఇదంతా కొనాలంటే పైసలు కావాలె. 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు, ముతక ధాన్యాలు 1 రూపాయి అని రాసిండ్రు. 2023 జనవరి నుంచి ఆ కార్డుల మీద అవి ఉచితం అన్నరు. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు. అది మన హక్కు, సంతోషం. కానీ మా మండలంలో డీలరు దగ్గర జొన్న సంచి చూసినోళ్లు లేరు. సన్నబియ్యంలో కోత పెట్టకుండ, దానికి తోడుగ మనిషికి 2 కిలోల జొన్నలో తైదలో, ఇంటికి నెలకు 2 కిలోల కందిపప్పు ఇవ్వాలని, అవి చెలకల రైతుల దగ్గరనే మద్దతు ధరకు కొనాలని వచ్చే గ్రామసభలో దరఖాస్తు పెడుతున్నం. కాగితం రాసి పెట్టినం. మీ ఊళ్లో పెట్టదలుచుకుంటే నకలు పంపుతం, కింద ఆడవాళ్ల సంతకాలు ముందు ఉండేటట్టు చూడండి.