గురజాలయా, గురౙాలయా?

మన గురజాల పేరును ఆంగ్లలిపిలో వ్రాయునపుడు కొందఱు జే అక్షరమును, కొందఱు జెడ్ అక్షరమును వాడుచున్నారు. జెడ్ వ్రాసినవారు తప్పు వ్రాసిరని నవ్వువారు కలరు. నా యభిప్రాయమున వారి చెవియే మేలైనది. నాయకురాలు నాగమ్మ పేరుతో ముడివడిన ఆ యూరిని పల్నాటివారు దంత్యముగనే పలుకుదురు.

తెలుఁగున చ, జ లకు రెండేసి ధ్వనులు కలవు. అచ్చతెలుఁగు పదములలో ఇ, ఈ, ఎ, ఏ అను నచ్చులతోఁ గూడినపుడు తాలవ్యములు, తక్కినచోట్ల సామాన్యముగా దంత్యములు. సంస్కృతసమములలో నెల్లెడలఁ దాలవ్యములే. నేలపైఁ బఱచునది ౘాప. అర్జునుఁడు పట్టినది చాపము. ౙాలి యొకటి, జాతి మఱియొకటి. మాచర్ల యని వ్రాసిన దంత్యము, మాచెర్ల యని వ్రాసినఁ దాలవ్యము! ఈ భేదము కంటికిఁ జూపుటకే ౘ, ౙ లు కల్పింపఁబడినవి. నియమ మెఱిఁగినవానికి గుఱుతేల యని పండితులు ప్రశ్నింపవచ్చును. ఏది సంస్కృతసమమో యెఱుఁగని ఆఱవతరగతి బాలునికి నియమ మేమి చేయును?

ఇట్టి చిక్కు మనకొక్కరికే కలుగలేదు. తురుష్కులు 1928లో లాటిను లిపిని స్వీకరించిరి; కాని తమ ధ్వనులను విడువలేదు. వారికిఁ జుక్కగల ఐ వేఱు, చుక్కలేని ఐ వేఱు. అయితే 1963లో అమెరికాలో నేర్పడిన ఆస్కీ యను సంకేతపట్టికయందు స్థానములు 128 మాత్రమే. అందు ఆంగ్లేయుల కక్కఱకు వచ్చు అక్షరములు తప్ప, తురుష్కుల చుక్కలేని ఐకిఁ గాని, పల్నాడులోని డకారమును దెలుపుటకు పండితులు డీ క్రిందనుంచు చుక్కకుఁ గాని చోటు లేకపోయెను. అందుచేతనే క్రొత్తవాఁడు ఆంగ్లలిపిలో మన సీమ పేరు చూచి “పల్నాదు” అనును. అది వాని దోషము కాదు.

1991లో వెలువడిన యూనికోడు తెలుఁగునకుఁ బ్రత్యేకముగా 128 స్థానముల నిచ్చినది. ఱకారమును అరసున్నయు మొదటనే చేరినవి. ౘ, ౙ లు 2008 వఱకు, నకారపొల్లు 2021 వఱకు వేచియుండవలసివచ్చెను. వాడువారు లేని యక్షరమును యంత్రమున కెక్కింపుఁడని యెవరడుగుదురు?

తలిదండ్రులకొక మాట. ఒకే బాలుని పేరు ఆధారుపత్రమున నొకవిధముగను, పదవతరగతి యోగ్యతాపత్రమున మఱియొకవిధముగను ఉండుటచేఁ గలుగు తిరుగుడు మీ రెఱుఁగనిది కాదు. పాఠశాలలోఁ జేర్చునాఁడే పేరును, ఊరిని మొదట తెలుఁగున వ్రాయించి, పిదప ఆంగ్లలిపిలో నొకే వర్ణక్రమమును స్థిరపఱచి, దానినే యన్నిచోట్ల నిలుపవలెను. ఇఁక ౘ, ౙ లను ప్రతి వ్యాసమునను వ్రాయుమని నేను గోరను, నేనును వ్రాయను. వాచకములందును, ఊరి పేరు తెలుపు పలకలమీఁదను అవి యుండినఁ జాలును. గురజాల పలకతో నారంభింపవచ్చును.